దుమ్మనుకున్న చుక్కలు

ఈ ప్రయాణం నేను పోయిన ఏడాది జనవరిలోనే చేయాల్సింది. పశువుల రక్తపరీక్షల్లో పైస్థాయి శిక్షణ, హైదరాబాద్‌లో, నాలుగు రోజులు. ఆర్మూర్ పశువుల దవాఖానలో పదిహేనేళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉన్నాను కనుక నా పేరు మొదటి వరసలోనే వచ్చింది. మా అమ్మాయి పరీక్షలని కాగితం రాసిచ్చి తప్పించుకున్నాను. పరీక్షలున్న మాట నిజమే గానీ అసలు కారణం అది కాదు. పదిహేనేళ్లు రక్తం చూసినదానికి వీళ్లు కొత్తగా చూపించేదేముంటుందని నా పొగరు. అది ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం సులువు.

తర్వాత రెండు నెలలకు, మార్చిలో, మోర్తాడ్ నుంచి రాజవ్వ ట్రాలీ ఆటోలో తన ఆవును ఎక్కించుకుని వచ్చింది. రాజవ్వ బీడీలు చుడుతుంది. పెనిమిటి దుబాయిలో ఉంటాడు. అతను పంపిన డబ్బుతో కొన్న జెర్సీ ఆవు అది.

“జెరం తగ్గుతలేదు మేడమ్. కండ్ల లోపట పచ్చగైంది. జర రక్తం మంచిగ చూడు” అంది.

నేను నవ్వాను. “పసుపు సీజన్ గద రాజవ్వా, గిప్పుడు మనందరి కండ్లు పచ్చగనే ఉన్నయి” అన్నాను. ఆమె కూడా మర్యాదకు నవ్వింది.

ఆవు చెవి కొస నుంచి రక్తపు చుక్క తీసి, గాజు స్లయిడు మీద పలచగా సాగదీసి, కిటికీలో ఆరబెట్టి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్ర కణాల అంచుల్లో ముదురు చుక్కలు చాలా కనబడ్డాయి. మా ల్యాబ్ కిటికీ మార్కెట్ రోడ్డు వైపు ఉంటుంది. పసుపు పంట వచ్చే రోజుల్లో ఆ కిటికీ నుంచి పచ్చటి దుమ్ము పడని పూట ఉండదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సీనియర్ నర్సయ్య సార్ నాకు నేర్పిన మొదటి పాఠమే అది: పసుపు సీజన్లో మన దగ్గర చుక్కలు లెక్కలోకి రావు, అంతా దుమ్మే. ఆ పాఠం ప్రకారమే రాజవ్వ ఆవు రక్తంలో క్రిములు లేవని రాసిచ్చాను. డాక్టర్‌గారు నా కాగితం చూసి సెలైన్, లివర్ మందు ఇచ్చారు. అయిదో రోజు ఆవు చచ్చిపోయింది.

రాజవ్వ ఫోన్ చేసి ఎందుకు చచ్చిందని అడిగింది. నాకేం తెలుసు? ఏదో ఒకటి చెప్పాలి కనుక, “పసుపు ఉడకవెట్టిన నీళ్లు తాగిందేమో. కల్లం కాడ కట్టేసినవా?” అన్నాను. “అవు మేడమ్, కల్లం పక్కకే కట్టేసిన” అని ఫోన్ పెట్టేసింది. అంతటితో అయిపోయిందనుకున్నాను.

ఈ ఏడాది ఫిబ్రవరిలో మళ్లీ నా పేరు వచ్చింది. ఎవరికి వారు అనుమానం ఉన్న స్లయిడ్లు అయిదు తెచ్చుకోవాలని ఉత్తరంలో రాశారు. మా ల్యాబ్‌లో స్లయిడ్లకు ఎప్పుడూ కరువే, వాడినవి కడిగి మళ్లీ వాడతాం. మనసులో ఎక్కడో తేడా కొట్టినవి మాత్రం ఒక చెక్కపెట్టెలో ఉంచుతాను. నాలుగు తీశాక నా చేయి రాజవ్వ ఆవు స్లయిడు మీద ఆగింది. దాన్ని కడగకుండా ఎందుకు దాచానో ఆ రోజు నన్ను నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది.

సోమవారం పొద్దున ఆరుకు ఆర్మూర్ బస్టాండులో హైదరాబాద్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూసి కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్టు కొట్టి ఇచ్చాడు. కిటికీ సీటు దొరికింది. డిక్కీలో ఎవరిదో పసుపు బస్తా ఉన్నట్టుంది, బస్సంతా అదే వాసన. ఆరూ నలభైకి డిచ్‌పల్లి దగ్గర నర్సయ్య సార్ ఎక్కాడు. నాకు చుక్కల పాఠం చెప్పిన మనిషి ఆయనే. ఇప్పుడు నవీపేట్‌లో పని చేస్తున్నాడు, అయిదు నెలల్లో రిటైర్ అవుతున్నాడు.

“దిగిపోయెటోనికి ట్రైనింగ్ ఏందమ్మా సునందా? పెండ్లయినంక పత్రికలు పంచినట్టుంది” అంటూ వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

నా పక్కన నలభై ఏళ్ల మనిషి ఒకాయన ఒళ్లో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని కూర్చున్నాడు. కవరులో పాస్‌పోర్టు. మూడోసారి గల్ఫ్ పోతున్నాడట, మెడికల్ పరీక్షల కోసం హైదరాబాద్ వస్తున్నాడు. నేను రక్తం పరీక్షలు చేస్తానని తెలియగానే నా వైపు పూర్తిగా తిరిగాడు.

“మేడమ్, రక్తంల లేని రోగం ఉన్నట్టు గిట్ల రాస్తరా?”

“నేను పశువుల రక్తం చూస్తనన్నా” అన్నాను.

“ఎవ్వలదైతేంది మేడమ్. చూసెటోళ్లు జర మంచిగ చూడాలె. వాళ్లు ఒక్క అక్షరం తప్పు రాస్తె మా ఇంట్ల పొయ్యి ఆరిపోతది” అన్నాడు.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. సంచిలో స్లయిడ్ల డబ్బా నా మోకాలికి తగులుతూనే ఉంది.

ఏడూ నలభైకి కామారెడ్డి బస్టాండులో పది నిమిషాలు ఆపారు. నర్సయ్య సార్ చాయ తెచ్చాడు. నేను ఇంట్లో కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి తీశాను, ముగ్గురం తిన్నాం. గల్ఫ్ ఆయన రొట్టె కొసరి మరీ అడిగి తీసుకున్నాడు, అక్కడ ఇవి దొరకవని. పదిన్నర దాటాక హైదరాబాద్ జేబీఎస్ బస్టాండులో దిగాం. ఆయన కవరు గుండెకు అదిమిపట్టుకుని జనంలో కలిసిపోయాడు. మేం మెట్రోలో ఎంజీబీఎస్ వరకు, అక్కడి నుంచి సిటీ బస్సులో ఊరి శివారున్న శిక్షణ కేంద్రానికి చేరేసరికి పన్నెండున్నర. వెళ్లేవాళ్లకు ఒక మాట: చివరి స్టాపులో దిగాక లోపలికి కిలోమీటరు పైనే నడవాలి, చక్రాల పెట్టె తెచ్చుకుంటే కంకర మీద అది నడవదు, మీరే మోయాలి.

హాస్టల్ గదులు శుభ్రంగా ఉన్నాయి. దోమలు ఎక్కువ. మెస్‌లో సాంబారు తియ్యగా ఉంటుంది, పచ్చడి అడిగితేనే పెడతారు. మొత్తం ఇరవై మందిమి వచ్చాం. ఆడవాళ్లం నలుగురం.

మొదటి రోజు మధ్యాహ్నం, రెండో రోజంతా పెద్ద యంత్రాల మీద గడిచింది. రక్తం గొట్టం లోపల పెడితే నిమిషంలో లెక్కలన్నీ కాగితం మీదికి వచ్చేస్తాయి. బాగానే ఉంది గానీ ఆ యంత్రం ఆర్మూర్‌కు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు. నర్సయ్య సార్ వెనక వరసలో కళ్లు తెరిచే నిద్రపోయాడు. అది ఆయనకు చాలాకాలంగా అలవాటు.

మూడో రోజు, బుధవారం, పదింటికి మైక్రోస్కోపుల గదిలోకి తీసుకుపోయారు. నేర్పించిన మేడమ్‌కు అరవై దగ్గర పడి ఉంటాయి. బక్కపలచటి మనిషి, గొంతు పెంచకుండా మాట్లాడుతుంది. ఒక్కొక్కరినీ తాము తెచ్చుకున్న స్లయిడు పెట్టమంది. నేను మిగతా నాలుగూ పక్కకు జరిపి రాజవ్వ ఆవుదే పెట్టాను. ఆమె కన్ను ఆనించి ఎక్కువసేపు చూడలేదు.

“ఏమని రాశారమ్మా దీనికి?”

“క్రిములు లేవని మేడమ్.”

“మరి ఈ చుక్కలు?”

“పసుపు దుమ్ము మేడమ్. మాది ఆర్మూరు. సీజన్లో మా దగ్గర ఏ స్లయిడు మీదైనా ఇట్లాగే పడుతుంది.”

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. “పసుపు ఎప్పుడైనా మైక్రోస్కోపు కింద పెట్టి చూశారా?” అని అడిగింది, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

చూడలేదు. ఊరంతా పసుపే. రోడ్ల మీద, గోడల మీద, బస్సు సీట్ల మీద, మా అన్నంలో కూడా పసుపే. పదిహేనేళ్లలో ఒక్కసారి కూడా చిటికెడు తీసి అద్దం కింద పెట్టాలని నాకు తోచలేదు. గదిలో అందరూ నా వైపే చూస్తున్నారు.

మేడమ్ మెస్ వంటగది నుంచి కాగితంలో చిటికెడు పసుపు తెప్పించింది. కొత్త స్లయిడు మీద ఒక చుక్క ఆవు రక్తం, దాని పక్కనే ఇంత పసుపు వేసి నన్ను చూడమంది. పసుపు రేణువులు బండరాళ్లంత ఉన్నాయి. ఒక్కో రేణువు కింద నాలుగైదు ఎర్ర కణాలు దాక్కోవచ్చు. అంత రాయి కణం అంచులో చుక్కలా ఎలా ఇముడుతుంది? అయిదో తరగతి పిల్లకు చూపించినా చెప్పేది.

“ఇప్పుడు మీ స్లయిడు పెట్టండి. ఫోకస్ చేసే చిన్న చక్రం మెల్లగా తిప్పుతూ చూడండి. చుక్కా, కణమూ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తున్నాయా, వేరువేరుగానా?”

తిప్పాను. ముందుకు తిప్పితే రెండూ కలిసి మసకబారాయి. వెనక్కి తిప్పితే రెండూ కలిసి తేటపడ్డాయి. నాలుగుసార్లు తిప్పాను. పైన పడ్డ దుమ్మయితే ముందొకటి, తర్వాతొకటి తేటపడాలి. అవి కణం లోపలివే.

“అనాప్లాస్మా” అంది మేడమ్. “పిడుదులు కుడితే వస్తుంది. ఒళ్లు పచ్చబడుతుంది. ముందుగా పట్టుకుంటే మామూలు ఇంజెక్షన్లకే లొంగుతుంది. ఆవు ఎలా ఉంది?”

“చచ్చిపోయింది” అన్నాను.

ఆమె నా భుజం మీద చేయి వేసి పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయింది. నర్సయ్య సార్ లేచి వచ్చి కళ్లద్దాలు తీసి చాలాసేపు ఆ స్లయిడు చూశాడు. చక్రం ఆయన కూడా తిప్పాడు. వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ పూట ఆయన నిద్రపోలేదు.

మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. కండ్ల లోపట పచ్చగైందని రాజవ్వ నోటితో చెప్పింది. మైక్రోస్కోపు లేకుండానే రోగాన్ని పట్టుకుంది ఆమె. నేను దాని మీద జోకు వేశాను. పోయిన జనవరిలోనే వచ్చి ఈ బల్ల ముందు కూర్చుని ఉంటే మార్చిలో ఆ ఆవు బతికేది. ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా మారలేదు.

సాయంత్రం ఆవరణలో నడుస్తూ, మోర్తాడ్ పోయి రాజవ్వకు చెబుతానన్నాను. నర్సయ్య సార్ ఆగిపోయాడు.

“సచ్చిన ఆవు లేస్తదా? ఎందుకు తవ్వుతున్నవ్? ఆమె ఊకుంటదా? ఊరంత చాటుతది.”

“చాటనీ సార్.”

“నేను గా స్లయిడ్ల పెట్టెలు గిట్టెలు ఏనాడు దాచలే. దాస్తే గిట్లనే అయితది” అన్నాడు, నా మీద కోపంగా. కానీ ఆయన గొంతులో ఉన్నది కోపం కాదని తెలుస్తూనే ఉంది.

గురువారం సాయంత్రం సర్టిఫికెట్లు ఇచ్చారు. గ్రూపు ఫొటో తీశారు. అందులో నేను నవ్వుతూనే ఉన్నాను, ఇప్పుడు చూసుకుంటే ఒళ్లు మండుతుంది.

శుక్రవారం పొద్దున ఆరున్నరకు జేబీఎస్‌లో తిరుగు బస్సు. ఈసారి నర్సయ్య సార్ నా పక్క సీట్లోనే కూర్చున్నాడు. కామారెడ్డిలో బస్సు ఆగింది. అక్కడ చాయ తాగుతూ మెల్లగా అన్నాడు. “దుమ్మని నీకు చెప్పింది నేనే గదా.”

“చెప్పింది మీరే. చూసింది నేను” అన్నాను.

“నాకు గూడ ఎవ్వలో చెప్పిన్రు. ఎవ్వలో యాదికి లేదు.”

డిచ్‌పల్లి రాగానే సంచి భుజానికి వేసుకుని లేచాడు. మెట్ల దగ్గర నిలబడి వెనక్కి చూశాడు. “నేను గూడ మోర్తాడ్ వస్తుంటి గనీ, ఇంటికాడ ఎదురుచూస్తుంటరు” అని దిగిపోయాడు. బస్సు కదిలినా ఆయన రోడ్డు దాటకుండా అక్కడే నిలబడ్డాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. పోయిన ఏడాది కాగితం రాసిచ్చి తప్పించుకున్నదాన్ని, నాకేం హక్కుంది?

పదకొండుకు ఆర్మూర్‌లో దిగాను. ఇల్లు పది నిమిషాల దూరం. ఇంటికిపోతే స్నానం, భోజనం, తర్వాత సోమవారం చూద్దాంలే అనిపిస్తుందని నాకు బాగా తెలుసు. సంచి చేతిలో ఉండగానే మెట్‌పల్లి బస్సు ఎక్కేశాను. పెర్కిట్, వేల్పూరు దాటి పన్నెండుంపావుకల్లా మోర్తాడ్. దారి పొడవునా కల్లాల్లో పసుపు ఆరబోసి ఉంది.

రాజవ్వ ఇంటి అరుగు మీద చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను గుర్తుపట్టి లేవబోతే వద్దన్నాను. పక్కనే కూర్చున్నాను. పశువుల కొట్టంలో కట్టెలు పేర్చి ఉన్నాయి, పశువు లేదు.

నీళ్లిచ్చింది. తాగి చెప్పేశాను. “రాజవ్వా, నీ ఆవు పసుపు నీళ్లు తాగి చావలే. పిడుదులతోని వచ్చిన రోగం. రక్తంల కనబడ్డది. నేనే దుమ్మనుకున్న. గప్పుడే సూది ఇస్తే బతుకుతుండె.”

ఆమె చేతులు ఆగలేదు. ఆకు మలిచింది, తంబాకు వేసింది, చుట్టింది, దారం కట్టింది. ఇంకో రెండు చుట్టాక మాట్లాడింది.

“మా ఆయన ఆర్నెల్లు నాతోని మంచిగ మాట్లాడలే మేడమ్. కల్లం కాడ ఎవ్వలన్న ఆవును కడ్తరా అని. మళ్ల ఒక్కటి కొందమంటే నీ చేతికి ఆవునియ్యనన్నడు. మా అత్త వచ్చిపోయేటోళ్లకందరికి చెప్తది. నేను గూడ గదే అనుకున్న. నా చేతులతోనే సంపిన అనుకున్న.”

నాకు ఏడుపొచ్చింది. ఆవు ప్రాణం ఒక్కటే నా ఖాతాలో ఉందనుకుంటూ వచ్చాను. తోచక ఫోన్లో అన్న ఒక్క మాటను ఈ మనిషి ఏడాదంతా మోసింది. ఆ మాట అన్నానని నాకు సరిగ్గా గుర్తు కూడా లేదు, దారిలో తవ్వుకుంటే తేలింది.

ఆమె చేతులు తుడుచుకుని లోపలి నుంచి ఫోన్ తెచ్చింది. పెనిమిటికి వాయిస్ మెసేజ్ పెట్టే బటన్ నొక్కి నా నోటి దగ్గర పట్టుకుంది. “గా మాట గీ ఫోన్ల చెప్పు మేడమ్.”

నేను గొంతు సవరించుకుని, ఆర్మూర్ పశువుల దవాఖాన నుంచి మాట్లాడుతున్నానని, ల్యాబ్ పరీక్షలో చిన్న పొరపాటు జరిగిందని, రోగం గుర్తించబడలేదని చెప్పాను. రాజవ్వ బటన్ వదలలేదు. వేలు పక్కకు జరిపి ఆ మెసేజ్ చెరిపేసింది.

“గట్ల గాదు” అంది. “ఎవ్వలు చేసిన్రో చెప్పు.”

మళ్లీ నొక్కి పట్టుకుంది.

“అన్నా, నేను సునందను. మీ ఆవు రక్తం నేనే చూసిన. రోగం కనబడ్డది, నేను దుమ్మని రాసిన. పసుపు నీళ్ల ముచ్చట గూడ నేనే తెల్వక అన్న. తప్పు నాది. ఆవు కండ్లు పచ్చగైనయని రాజవ్వ ముందే చెప్పింది, ఆమె మంచిగ చూసుకున్నది.”

బటన్ వదిలింది. దుబాయిలో అది భోజనం వేళకు కాస్త ముందు. ఇద్దరం మెసేజ్ కింది రెండు చిన్న టిక్కు గీతల వైపే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి రెండూ నీలంగా మారాయి, అంటే ఆయన చూశాడు. జవాబు రాలేదు. రాజవ్వ ఫోన్ ఒళ్లో పెట్టుకుని చాటను మళ్లీ దగ్గరికి లాక్కుంది. నన్ను తిట్టలేదు, పర్వాలేదని కూడా అనలేదు. నేను లేచి నిలబడితే, “ఎండల పోకు, మూడింటికి బస్సుంది” అంది. అప్పటిదాకా ఆ అరుగు మీదే కూర్చున్నాను. ఫోన్ ఒక్కసారి కూడా మోగలేదు.

మూడింటి బస్సులో ఆర్మూర్‌కు తిరిగివచ్చాను. ఎవరైనా ఈ శిక్షణకు వెళ్లాల్సి వస్తే పేరు వచ్చిన మొదటిసారే వెళ్లండి. మంచి చోటు, మంచిగా నేర్పుతారు, దోమలకు మాత్రం ఏదైనా తీసుకుపోండి. ఒడిలో స్లయిడ్ల డబ్బా తెరిచి రాజవ్వ ఆవుదాన్ని వెలుతురుకు పెట్టి చూశాను. ఉత్త కంటికి అది లేత ఊదారంగు మరక, అంతే. దీన్ని దాచాను గనుక ఒక ఇంటికి వెళ్లి తల వంచుకోగలిగాను. బస్సు ఒక్కో ఊరి దగ్గర ఆగుతుంటే ఆ ఊరి నుంచి ఆవునో బర్రెనో తోలుకొచ్చిన మనుషులు గుర్తొచ్చారు. పేర్లు గుర్తు లేవు, ముఖాలే. పదిహేను పసుపు సీజన్లలో ఎన్నింటికి దుమ్మని రాశానో, ఎందరికి ఏ మాట తోస్తే ఆ మాట చెప్పి పంపానో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు. ఆ స్లయిడ్లన్నీ నా చేతులతోనే కడిగేశాను.